తెలుపు, పసుపు

పన్నెండవ భాగం

జెనోన్ కంచం బోర్లించాడు.

మూడు రోజుల నుంచి ఆయన చేస్తున్న పని అదే. వేళకి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటాడు. కంచం బోర్లిస్తాడు. మిగతావాళ్ళు తిన్నంతసేపూ అల్లుడి చొక్కా జేబు వంక చూస్తాడు. ఆయన కారు తాళంచెవి ఆ జేబులో ఉంది.

"దుంపలు చల్లారిపోతున్నాయి నాన్నా," అంది ఇవోనా.

"చల్లారనీ."

"తెల్లజున్నులో ఉల్లికాడలు కలిపాను. నీకిష్టమని."

"నాకిష్టమైంది ఆ జేబులో ఉంది. అది వడ్డించు."

రదెక్ తలెత్తలేదు. కిటికీల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు చేసి వచ్చాడు. ఆకలి మీద ఉన్నాడు. దుంపని ఫోర్కుతో నలిపి, జున్ను పట్టించి, నోట్లో పెట్టుకుని, నమిలి మింగాకే మాట్లాడాడు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళండి మామయ్యా. కళ్ళు బాగున్నాయని కాగితం తెండి. ఆ నిమిషమే తాళం ఇచ్చేస్తాను."

"కారు నాది."

"పిల్ల నాది."

అక్కడ మాట ఆగిపోయింది. మూడు రోజులుగా అక్కడే ఆగుతోంది.

గురువారం సాయంత్రం నాలుగున్నర అయింది. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి కలీనా పొజ్నాన్‌లో ఉండాలి. పదకొండేళ్ళ పిల్ల, గోల్‌కీపరు. ఆ ప్రాంతం మొత్తం మీద ఇద్దరు గోల్‌కీపర్లని ఆ రోజు ఏరుకుంటారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని మైదానంలోకి రానివ్వబోమని ముందే రాసి పంపారు. డెబ్భై కిలోమీటర్ల దారి. మొదటి రైలు చేరేసరికి పది దాటుతుంది. ఇవోనాకి కారు నడపడం రాదు. శనివారం బేకరీలో సెలవడిగింది, కుదరదన్నారు.

రదెక్‌కి నడపడం వచ్చు. కానీ శనివారం పొద్దున్న ఆరింటికి అభిమానుల బస్సు ష్చెచిన్‌కి బయల్దేరుతుంది. తన జట్టు బయటి ఊళ్ళో ఆడిన మ్యాచ్ అతను పద్నాలుగేళ్ళుగా ఒక్కటి కూడా మానలేదు. కలీనా పుట్టిన నాడు కూడా ఆ బస్సులోనే ఉన్నాడు. ఇవోనా ఆ సంగతి మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ ఆమెకి లేదు.

"గత శనివారం చక్కెర ఫ్యాక్టరీ కూడలిలో ఎర్రదీపం పడ్డాక కారు పోనిచ్చారు," అన్నాడు రదెక్. "లారీవాడు బ్రేకు తొక్కాడు కాబట్టి ఎడమ పక్క అద్దంతో పోయింది."

"పసుపు."

"ఎరుపు మామయ్యా."

"పసుపని చెప్తున్నానుగా. నువ్వున్నావా కార్లో?"

"లారీవాడున్నాడు. ఇంటిదాకా వచ్చి మరీ చెప్పిపోయాడు."

"వాడి మాటా? వాడు మీ ఫుట్‌బాల్ మనిషి. మే నెల ఎండలో మెడకి పసుపు మఫ్లరు చుట్టుకు తిరిగేవాడికి బుద్ధెక్కడుంటుంది?"

"అది మఫ్లరు కాదు. తువ్వాలు. తెల్లది."

"మాసిపోయి ఉంటుంది."

ఇవోనా చేతిలో గరిటె ఆగింది. ఎవరూ చూడలేదు.

"పోనీ పిల్లనడుగు," అన్నాడు జెనోన్. "మామూలు రోజుల్లో దారి పొడుగునా దీపాల రంగులు చదువుతూ కూర్చుంటుంది, పందెం మైదానంలో మైకువాడిలాగా. ఎరుపు తాతా, పచ్చ తాతా అని ఒకటే వాగుడు. ఆ రోజేమో నోరు మూసుక్కూర్చుంది."

"అడిగాను. తెలీదంది."

"మరి? తెలీదంటే ఎరుపని ఎలా అవుతుంది?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస. మొన్న ఎండ కళ్ళల్లో కొట్టిందన్నారు. నిన్న లారీ జోరుగా వచ్చిందన్నారు. ఇవాళ పిల్ల చెప్పలేదంటున్నారు. వయసైపోయింది, కంటికి ఆనట్లేదు అంటే ఏం పోయింది?"

జెనోన్ నెమ్మదిగా నవ్వాడు. నవ్వినప్పుడు ఆయన మరీ ప్రమాదం.

"నాకా కంటికి ఆననిది? మ్యాచ్ ఉన్న ప్రతి ఆదివారం పదిహేను బైకు పందేలు చూస్తాను. నలుగురు ఒకేసారి గీత దాటితే ఎవరు ముందో ఎవరు వెనకో మైకువాడు నోరు తెరిచేలోపు రాసేస్తాను. నీ ఆటలో తొంభై నిమిషాలు కళ్ళప్పగించి చూసినా రాసుకోడానికేముంటుంది? సున్నా, పక్కన ఇంకో సున్నా."

"నలుగురు ఎడమ పక్కకే తిరుగుతారు. నాలుగు చుట్లు. నిమిషంలో అయిపోతుంది. ఆ మట్టి మొహాన కొట్టించుకోడానికి మీ తండ్రీకూతుళ్ళు టిక్కెట్టు కొనుక్కుని వెళ్తారు."

"బ్రేకుల్లేని బండి మీద తిరుగుతారు నాయనా. ఎముక విరిగినా లేచి మళ్ళీ గీత దగ్గరికి వస్తారు. మీవాళ్ళు గడ్డిపరక తగిలితే పడి దొర్లుతారు."

వేరే రోజైతే ఇవోనా తండ్రి వైపు ఒక మాట వేసేది. ఆరేళ్ళ వయసు నుంచి ఆమె మూడో మలుపు మనిషి. ఆ ఊళ్ళో స్పీడ్‌వే దగ్గర, అంటే ఆ మట్టి బాట మీది బైకు పందేల దగ్గర, మూడో మలుపులో కంచె పక్కన నిలబడేవాళ్ళు వేరు, మిగతావాళ్ళు వేరు. ఫుట్‌బాల్ మనిషిని పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు తండ్రి వారం రోజులు మాట్లాడలేదు. ఇవాళ ఆమె మాట వెయ్యలేదు.

జెనోన్ లేచి తన గదిలోకి వెళ్ళాడు. భార్య తెరేసా పోయాక నాలుగేళ్ళుగా ఆ చిన్నగదే ఆయనిది. బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టాడు. దాని నిండా పందేల ప్రోగ్రాం పుస్తకాలు.

"ఇదిగో మొన్న ఆదివారానిది. ఇదిగో సోమవారం పేపరు. నువ్వే పోల్చుకో. ఒక్క అంకె తప్పున్నా కారు నీకు రాసిచ్చేస్తాను."

"మీరు పోల్చుకున్నారా?"

"ప్రతి సోమవారం పోలుస్తాను, భూతద్దం పెట్టుకుని. ఈ ఏడాది ఒక్క తప్పు లేదు. చదువు. గట్టిగా చదువు."

రదెక్ చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. అతనికి ఆ ఆట అక్కర్లేదు గానీ ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా కాపురం చేస్తున్నాడు, పుస్తకం చదవడం వచ్చు. ఒక్కో పందేనికీ నాలుగు పేర్లు. సొంత జట్టువాళ్ళకి ఎర్ర హెల్మెట్టు, నీలం హెల్మెట్టు. వచ్చిన జట్టువాళ్ళకి తెల్లది, పసుపుది. ముందొచ్చినవాడికి మూడు, తర్వాత రెండు, ఒకటి, చివరివాడికి సున్నా. పేరు పక్కన గడిలో అంకె వెయ్యాలి. జెనోన్ పెన్సిలుతోనే వేస్తాడు. సిరా వానకి కారిపోతుంది.

"మొదటి పందెం," అన్నాడు రదెక్. "మూడు, ఒకటి, రెండు, సున్నా. సరే. రెండు... సరే."

ఇవోనా తొట్టి దగ్గరికి వెళ్ళి కడిగిన గిన్నెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. దొంగకి తేలు కుట్టినట్టుంది ఆమె పని.

ఈస్టర్ సోమవారం నాడు, ఈ ఏటి మొదటి మ్యాచ్‌లో, ఆమె తండ్రి పక్కనే నిలబడి పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటోంది. నాలుగో పందెంలో తెల్ల హెల్మెట్టు ముందొచ్చింది. పసుపుది ఆఖరున వచ్చింది. తండ్రి పెన్సిలు వంక చూసింది. పసుపుదానికి మూడు వేశాడు. తెల్లదానికి సున్నా. పొరపాటనుకుంది. ఏడో పందెంలో మళ్ళీ అదే. పదకొండులో మళ్ళీ అదే. ఎరుపు, నీలం ఎప్పుడూ తప్పలేదు. తెలుపూ పసుపే తారుమారు.

ఆయనకి తెలిసే దారి లేదు. తెల్ల హెల్మెట్టువాడైనా పసుపు హెల్మెట్టువాడైనా వచ్చిన జట్టువాడే. ఎవరి అంకె ఎవరికి వేసినా అడుగున మొత్తం ఒకటే. మైకులో ఆఖరి మొత్తం చెప్పినప్పుడు తండ్రి తన లెక్క చూసుకుని తలాడించాడు. సరిపోయింది మరి.

మర్నాడు పేపరు వస్తుంది. పేపర్లో ఒక్కొక్కడి పేరు పక్కన ఒక్కొక్కడి అంకె ఉంటుంది. తెరేసా పోయాక ఆయన వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేది ఆ పేపరు, ఆ పుస్తకం, ఆ భూతద్దం ముందే. అది తలుచుకుంది ఇవోనా. ఆ సాయంత్రం ఆయన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు, కలీనా జామెట్రీ పెట్టెలోంచి రబ్బరు తీసుకుని ఆ మూడు పందేల దగ్గరా చెరిపింది. తండ్రి వేసే మూడు అంకెకి తల బల్లపరుపుగా ఉంటుంది. అలాగే వేసింది. ఒక్కసారికే అనుకుంది.

తర్వాత మ్యాచ్‌కి నాలుగు చోట్ల చెరిపింది. ఆ తర్వాత ఆరు. మొన్న ఆదివారం తొమ్మిది.

మ్యాచ్ ఉన్నా లేకున్నా శనివారాలు వచ్చాయి. తండ్రి కలీనాని కార్లో ఫుట్‌బాల్‌కి తీసుకెళ్ళాడు, తీసుకొచ్చాడు. రోడ్డు మీది దీపాల్లో తెలుపు లేదుగా అని ఇవోనా తనకి తను సర్దిచెప్పుకుంది. మనిషికి కావలసినప్పుడు ఇలాంటి మాటలు ఎక్కడి నుంచైనా దొరుకుతాయి.

"పద్నాలుగు, సరే," అన్నాడు రదెక్. "పదిహేను... మూడు, సున్నా, రెండు, ఒకటి."

పేపరు మీద వేలు పెట్టి రెండోసారి చూశాడు.

"సరే."

"చెప్పు," అన్నాడు జెనోన్. "ఎన్ని తప్పులు?"

"ఏం లేవు."

"వినపడలేదు."

"తప్పుల్లేవు మామయ్యా." రదెక్ జేబులోంచి తాళంచెవి తీసి ఉప్పు గిన్నె పక్కన పెట్టాడు. "లారీవాడి మాటే నిజమని నేనిప్పటికీ అంటాను. కానీ కళ్ళలో తేడా లేదని ఒప్పుకుంటున్నాను. శనివారం నెమ్మదిగా వెళ్ళండి."

ఒప్పుకోవడం అతనికి పెద్ద కష్టమైనట్టు కనిపించలేదు. ఆరింటికి బస్సుంది.

జెనోన్ కంచం తిరగేశాడు.

"వడ్డించవే అమ్మాయ్. అల్లుడుగారూ, తమరు కాస్త ఆ ఉప్పు ఇలా జరిపించండి."

మూడు రోజుల ఆకలి. ఎడమ చెయ్యి తాళంచెవి మీద పెట్టుకుని కుడిచేత్తో తిన్నాడు. తలుపు తోసుకుని కలీనా వచ్చింది. గోల్‌కీపరు చేతితొడుగులు వేసుకునే ఉంది. ఎప్పటి నుంచి తలుపు వెనక నిలబడిందో ఎవరికీ తెలీదు.

"వెళ్తున్నామా తాతా?"

"ఏడింటికల్లా కిందికి వచ్చెయ్. నిమిషం దాటిందో, నిన్నిక్కడే వదిలేసి నేనే వెళ్ళి గోల్లో నిలబడతాను."

"నిలబడు. బంతి కనిపిస్తే పట్టుకో."

జెనోన్ పగలబడి నవ్వాడు. పిల్ల నవ్వలేదు. అమ్మ వీపు వంక చూసింది.

ఇవోనా నీళ్ళ కొళాయి కట్టేసింది.

"నాన్నా, ఆ అంకెలు నువ్వు వేసినవి కావు."

"ఏ అంకెలు?"

"పుస్తకంలోవి. అన్నీ కాదు. తొమ్మిది చోట్ల నేను చెరిపి మళ్ళీ వేశాను. తెల్ల హెల్మెట్టుకి వెయ్యాల్సింది పసుపుదానికి వేశావు. పసుపుదానిది తెల్లదానికి."

రదెక్ నమలడం ఆపాడు.

జెనోన్ పుస్తకం తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. భూతద్దం అడగలేదు. చూపుడువేలు గడుల మీద వేసి, గుడ్డివాడు గోడ తడిమినట్టు, నెమ్మదిగా పై నుంచి కిందికి పోనిచ్చాడు. రబ్బరు పెట్టిన చోట కాగితం నూగుగా ఉంటుంది. వేలు తొమ్మిది చోట్ల ఆగింది.

"ఎప్పటి నుంచి?"

"ఈస్టర్ సోమవారం నుంచి."

ఆయన పుస్తకం మూశాడు. కింద వీధిలో ఎవరో కార్పెట్టు దులుపుతున్న చప్పుడు నాలుగో అంతస్తు దాకా వినిపించింది.

"మీ అమ్మయితే అక్కడే చెప్పేది," అన్నాడు. "మూడో మలుపులో, పదిమందిలో, మొహం మీద చెప్పేది. ముసలాడా నీకు తెలుపేదో పసుపేదో తెలీడం లేదు, పెన్సిలిలా ఇయ్యి, అనేది."

"నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక..."

"నా మనసు సంగతి నేనడగలేదు. ప్రతి సోమవారం భూతద్దం పెట్టుకుని పోల్చుకున్నాను. తప్పు లేదు. పర్లేదు జెనోన్, కళ్ళు బాగున్నాయి అనుకున్నాను. నాకు అనుమానం రాలేదనుకున్నావా? ఫిబ్రవరిలో పాలు చూస్తే పసుపుగా ఉన్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఈస్టర్ పుస్తకం చూసుకుని మానుకున్నాను."

ఇవోనా తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకుంది.

"ఈస్టర్ నుంచి ఎన్ని శనివారాలు?"

ఆమె తొట్టి వైపు తిరిగింది.

"నిన్నే అడుగుతున్నా."

"ఏడు."

"ఏడు శనివారాలు. పిల్లకి కోటు జిప్పు పెట్టి, జాగ్రత్తమ్మా అని చెప్పి, నా కార్లో ఎక్కించావు. తెలిసి ఎక్కించావు."

"దీపాలు వేరు, హెల్మెట్లు వేరనుకున్నాను."

"అనుకున్నావా?"

"అనుకున్నాను నాన్నా."

"నన్ను మోసం చేశావు, అది మన ఇద్దరి మధ్యది. దాని సంగతేంటి?" కలీనా వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "నేను గుడ్డివాణ్ణి. నువ్వు కాదుగా."

రదెక్ కుర్చీ వెనక్కి జరిపాడు. మామగారి మీది మూడు రోజుల కోపం అతని మొహంలో నుంచి పోయింది. పోయి ఎక్కడికెళ్ళిందో ఇవోనాకి కనిపిస్తూనే ఉంది.

"ఇవోనా. నాక్కూడా చెప్పలేదు."

"చెప్తే?"

"చెప్తే నేను తీసుకెళ్ళేవాణ్ణి."

"ఎప్పుడు? ఏడు శనివారాల్లో నాలుగు నువ్వు బస్సులో ఉన్నావు. మిగతా మూడూ మీ జట్టు ఇక్కడే ఆడితే నువ్వు మధ్యాహ్నం దాకా జెండాలు కుట్టుకుంటూ కూర్చున్నావు."

"చెప్తే మానుకునేవాణ్ణి."

"ఇది పుట్టిన రోజు చెప్పారుగా. ఆస్పత్రి నుంచి మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మానుకున్నావా?"

"పదకొండేళ్ళ కిందటిది ఇప్పుడెందుకు?"

"పదకొండేళ్ళ నుంచీ అడుగుతున్నాను కాబట్టి."

"అది వేరు, ఇది వేరు. నేను బస్సెక్కాను. నువ్వు పిల్లని చావు పక్కన కూర్చోబెట్టావు."

ఆ మాట అన్నాక రదెక్ కూడా కాస్త తగ్గాడు. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ ఇంట్లో అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఎవరికీ లేదు.

జెనోన్ ఎడమ చెయ్యి ఎత్తాడు. తాళంచెవిని వేలితో బల్ల మధ్యకి తోశాడు.

"అమ్మని తిట్టకండి," అంది కలీనా.

ముగ్గురూ అటు చూశారు.

"నాక్కూడా తెలుసు."

"నీకేం తెలుసే?" అన్నాడు రదెక్.

"ఎండ ఎదురుగా ఉంటే తాతకి దీపం కనిపించదు. నీరెండలో అసలు కనిపించదు. అందుకే నేను చెప్తా. దూరం నుంచే. ఎరుపు తాతా అంటే ఆపుతాడు. పచ్చ తాతా అంటే పోనిస్తాడు. తాత నేను ఆడుకుంటున్నాననుకుంటాడు."

జెనోన్ పెదాలు కదిలాయి. మైకువాడు, అన్నాడేమో. వినిపించలేదు.

"అద్దం పోయిన రోజో?" అన్నాడు రదెక్. గొంతు తగ్గించి అడిగాడు. "ఆ రోజు ఏ రంగుంది?"

"తెలీదన్నానుగా."

"కలీనా."

"నిజంగానే తెలీదు నాన్నా. బూటు లేసు ఊడింది. వంగి కట్టుకుంటున్నాను. తలెత్తేసరికి లారీ ఉంది."

ఇవోనా గోడకి ఆనుకుంది. పిల్ల ఆమె దగ్గరికి రాలేదు. తాత కుర్చీ పక్కన నిలబడి, తొడుగులున్న చేతులు రెండూ బల్ల మీద పెట్టి, పెద్దవాళ్ళు బేరం కుదుర్చుకునేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడింది.

"శనివారం వెళ్దాం తాతా. తొమ్మిదింటికి అక్కడుండాలి, దాటితే రానివ్వరు. నేను ఒక్కటి కూడా వదలకుండా చెప్తాను. లేసులు ఇంట్లోనే కట్టుకుంటాను."

రదెక్ చెయ్యి తాళంచెవి మీదికి వెళ్ళింది.

అప్పటికే అక్కడ జెనోన్ చెయ్యి ఉంది.